క్లినిక్కా, క్లాస్‌రూమా?

ప్రవర్తన సమస్యలున్న పిల్లల కోసం స్కూళ్లలో అడుగుపెడుతున్న బిహేవియర్ ఎనలిస్టుల పని వైద్యమా, విద్యా? ఆస్పత్రి, బడి కూతవేటు దూరంలో ఉన్న పుదుచ్చేరిలోనూ తేలాల్సిన ప్రశ్న ఇది

పుదుచ్చేరి నుంచి మా ప్రతినిధి

మూడో తరగతి. లెక్కల పీరియడ్. టీచర్ బోర్డు మీద తీసివేతలు రాయడం మొదలుపెట్టగానే చివరి బెంచీలోని కుర్రాడు చెవులు మూసుకుంటాడు. పుస్తకం కిందికి తోసేస్తాడు. మరో రెండు నిమిషాల్లో బెంచీ కింద పడుకుని ఉంటాడు. మిగిలిన 35 మంది లెక్కలు వదిలేసి అతణ్నే చూస్తుంటారు. ఆయా వచ్చి కుర్రాణ్ని లైబ్రరీ పక్కనున్న చిన్న గదిలోకి తీసుకెళుతుంది. అక్కడ బొమ్మల కార్డులు, రంగుల బ్లాకులు, ఒక థెరపిస్ట్. ఐదు నిమిషాల్లో కుర్రాడు శాంతిస్తాడు. టీచర్ ఊపిరి పీల్చుకుంటుంది. ప్రిన్సిపాల్ తృప్తిపడతారు. నెలాఖరున తల్లిదండ్రులు ఫీజు కడతారు. మర్నాడు లెక్కల పీరియడ్‌లో కుర్రాడు మళ్లీ బెంచీ కిందే.

ఇది ఫలానా స్కూల్లో ఫలానా రోజున జరిగిన సంఘటన కాదు. పుదుచ్చేరిలోనైనా, విజయవాడలోనైనా, హైదరాబాద్‌లోనైనా ఇలాంటి పిల్లలకు పాఠం చెప్పిన టీచర్లు వెంటనే గుర్తుపట్టే దృశ్యం. ఇందులో ఎవరి పని వారు చేశారు. ఎవరినీ తప్పుపట్టలేం. కానీ కుర్రాడు నేర్చుకున్నదేమిటి? బెంచీ కింద పడుకుంటే లెక్కలు తప్పుతాయని. ప్రవర్తన శాస్త్రంలో ఓనమాలు చదివిన వారెవరైనా చెప్పే మాట ఇది. అంటే, చికిత్స కోసం చేసిన ఏర్పాటే సమస్యకు నీళ్లు పోసి పెంచుతోంది.

తప్పు థెరపిస్ట్‌లోనో, పిల్లాడిలోనో లేదు. ఆ చిన్న గదిని స్కూల్లో ఎందుకు పెట్టారన్నది ఎవరూ తేల్చుకోకపోవడంలో ఉంది. అది ఆస్పత్రికి అనుబంధమా? లేక తరగతికి అనుబంధమా? బిహేవియర్ ఎనలిస్ట్, అంటే ప్రవర్తనను విశ్లేషించి మార్చే నిపుణుడు, ఆ గదిలో డాక్టర్ తరఫు మనిషా, టీచర్ తరఫు మనిషా? ఈ ప్రశ్నకు మన చట్టాలు ఒక జవాబు చెబుతున్నాయి, స్కూళ్ల అవసరం మరో జవాబు కోరుతోంది. మధ్యలో పోతున్నవి పిల్లాడి క్లాసు గంటలు, తల్లిదండ్రుల డబ్బు.

మూడు గడుల కాగితం

అసలు ఈ నిపుణులు చేసేదేమిటి? వినడానికి చాలా సాదాసీదాగా ఉంటుంది. కాగితం మీద మూడు గడులు గీస్తారు. మొదటి గడిలో ప్రవర్తనకు ముందు ఏం జరిగిందో, రెండో గడిలో పిల్లాడు ఏం చేశాడో, మూడో గడిలో ఆ తర్వాత ఏం జరిగిందో రాస్తారు. పది రోజులు రాస్తే ఒక లెక్క తేలుతుంది. పిల్లలు కొట్టడం, అరవడం, పారిపోవడం వంటివి చేయడానికి సాధారణంగా నాలుగు కారణాలుంటాయని ఈ శాస్త్రం చెబుతుంది. పెద్దల దృష్టి తమ మీదికి మళ్లించుకోవడం, ఇష్టంలేని పని తప్పించుకోవడం, కావలసినది దక్కించుకోవడం, లేదా ఆ చేష్ట వల్ల శరీరానికి కలిగే అనుభూతి. కారణం తెలిస్తే దారి తెలుస్తుంది. తప్పించుకోవడానికి అరిచే పిల్లాడికీ, పలకరింపు కోసం అరిచే పిల్లాడికీ ఒకే మందు పనిచేయదు.

అమెరికాలో బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగశాలలో మొదలైన ఆలోచన 1960లలో జనం మధ్యకు వచ్చింది. 1968లో ఈ రంగానికి సొంత పత్రిక మొదలైంది. తమను తాము గాయపరచుకునే పిల్లలు అలా ఎందుకు చేస్తున్నారో పరీక్షించి తెలుసుకునే పద్ధతిని 1982లో బ్రయాన్ ఇవాటా బృందం ప్రచురించింది. కానీ ఈ విద్యకు పేరూ, వివాదమూ తెచ్చింది మాత్రం కాలిఫోర్నియాలో ఐవర్ లోవాస్ 1987లో ప్రకటించిన అధ్యయనం. ఆటిజం ఉన్న 19 మంది చిన్నారులకు వారానికి 40 గంటల చొప్పున ఒక్కొక్కరికీ విడిగా శిక్షణ ఇస్తే 9 మంది మామూలు స్కూల్లో ఒకటో తరగతి పూర్తిచేశారని అందులో చెప్పారు. ప్రపంచమంతటా తల్లిదండ్రుల్లో ఆశలు రేపిన అంకె అది.

తర్వాతి కాలంలో ఆ ఆశ మీద చాలా ప్రశ్నలు వచ్చాయి. పిల్లల సంఖ్య తక్కువ. ఎవరిని ఏ బృందంలో వేయాలన్నది లాటరీ పద్ధతిలో తేల్చలేదు. ఆ రోజుల్లో పిల్లలను దండించే పద్ధతులు కూడా వాడారు. ఈ తరహా ముమ్మర శిక్షణపై అందుబాటులో ఉన్న సాక్ష్యాలు బలహీనమైనవేనని 2018లో కోక్రేన్ సమీక్ష తేల్చింది. ఆటిజంతోనే పెరిగి పెద్దవారైన వారిలో చాలామంది ఇంకా ఘాటుగా విమర్శిస్తారు. తమను తమలా ఉండనివ్వకుండా, మామూలువారిలా నటించడం నేర్పారన్నది వారి ఫిర్యాదు. ఈ విమర్శల వల్లే నేడు మంచి నిపుణులు చేతులు ఆడించడం వంటి, ఎవరికీ హాని చేయని అలవాట్లను మాన్పించడం తమ పని కాదంటున్నారు.

ఒకే మనిషి, రెండు కుర్చీలు

లోవాస్ పద్ధతి పుట్టింది యూనివర్సిటీ క్లినిక్‌లో. అక్కడ ఒక పిల్లాడు, ఒక పెద్ద, ఒక బల్ల. స్కూల్లో ఆ పరిస్థితి ఉండదు. ఒక టీచర్, 35 మంది పిల్లలు, గంట కొడితే మారిపోయే పీరియడ్లు. కాబట్టే ఒకే చదువు చదివిన నిపుణుడికి ఈ రెండు చోట్లా రెండు వేర్వేరు పనులుంటాయి.

క్లినిక్‌లో పిల్లాడు పేషంట్. అతని ఇబ్బంది తగ్గాలన్నదే గురి. మాటలు రావడం, టాయిలెట్ అలవాటు కావడం, తల గోడకేసి కొట్టుకోవడం ఆగడం. సమయం గంటల్లో కొలుస్తారు. ఫైలు డాక్టర్ దగ్గరో, థెరపీ సెంటర్‌లోనో ఉంటుంది. అందులోని విషయం రహస్యం. డబ్బు తల్లిదండ్రులు చెల్లిస్తారు. పురోగతి గురించి అడిగేదీ వారే.

స్కూల్లో పిల్లాడు విద్యార్థి. అతను తరగతిలో కూర్చుని, తోటివారితో కలిసి, తన స్థాయిలో పాఠం నేర్చుకోవాలన్నదే గురి. అక్కడ నిపుణుడు ఎక్కువ సేపు గడపాల్సింది పిల్లాడితో కాదు, టీచర్‌తో. బెంచీ ఎక్కడ వేయాలి, పది లెక్కల బదులు నాలుగే ఇస్తే ఏమవుతుంది, నోటితో చెప్పిన సూచన బొమ్మతో చూపిస్తే ఎలా ఉంటుంది, గొడవ చేయని ఐదు నిమిషాల్లో పిల్లాణ్ని ఎవరైనా మెచ్చుకున్నారా అన్నది చూడాలి. ఫలితం థెరపీ గది రిజిస్టర్‌లో కనబడదు. నిపుణుడు లేని రోజున కూడా క్లాసు సాఫీగా సాగితే ఆ పని జరిగినట్టు లెక్క.

ఒక కుర్చీలో కూర్చున్న మనిషి మరో కుర్చీ పని చేస్తే చిక్కులు మొదలవుతాయి. క్లినిక్ మనస్తత్వంతో స్కూల్లోకి వచ్చిన నిపుణుడు పిల్లాణ్ని క్లాసులోంచి బయటికి లాగుతాడు. ఎందుకంటే అతనికి తెలిసిన పని నాలుగు గోడల మధ్యే జరుగుతుంది. గదిలో నేర్చుకున్నది క్లాసుకు దానంతటదే బదిలీ కాదని అతని పాఠ్యపుస్తకాలే చెబుతున్నా, గంటల చొప్పున జీతం వచ్చేచోట ఆ మాట గుర్తుకు రావడం కష్టం. మరోవైపు స్కూలు ఉద్యోగిగా ఉంటూ డాక్టర్ పాత్ర వేసే నిపుణుడు మరో రకం ప్రమాదం. ‘ఈ పిల్లాడికి ఆటిజం’ అని స్టాఫ్‌రూమ్‌లో ముద్ర వేస్తే, ఆ ముద్ర టీసీతోపాటు మరో స్కూలుకూ వెళుతుంది.

చట్టం ఏ వైపు?

భారతదేశంలో ఈ తరహా నిపుణుల గురించి మొదట మాట్లాడాల్సింది 1992లో వచ్చిన పునరావాస మండలి చట్టం గురించి. వికలాంగులతో పనిచేసే నిపుణులను ఆ చట్టం కింద 16 తరగతులుగా విభజించి రిజిస్టర్ నిర్వహిస్తున్నారు. క్లినికల్ సైకాలజిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు, మాట-వినికిడి నిపుణులు అందులో ఉన్నారు. రిజిస్టర్‌లో పేరు లేకుండా ఆ పనులు చేస్తే ఏడాది వరకూ జైలు లేదా వెయ్యి రూపాయల వరకూ జరిమానా లేదా రెండూ విధించవచ్చు. ఆ 16 తరగతుల్లో బిహేవియర్ ఎనలిస్ట్ అన్న పేరుతో విడిగా ఏదీ లేదు.

దాదాపు మూడు దశాబ్దాల తర్వాత 2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ, ఆరోగ్యరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టంలో ఆ పేరు చోటు సంపాదించింది. చట్టం షెడ్యూల్లోని పది విభాగాల్లో ఒకటైన బిహేవియరల్ హెల్త్ సైన్సెస్ కింద సైకాలజిస్టులు, కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లతోపాటు బిహేవియరల్ ఎనలిస్ట్‌ను కూడా చేర్చారు. వృత్తికి గుర్తింపు దక్కడం మంచిదే. కానీ ఎక్కడ దక్కిందో చూడండి. ఆరోగ్య శాఖ చట్టంలో. అంటే చట్టం దృష్టిలో ఈ నిపుణుడు ఆరోగ్య సిబ్బంది.

విదేశీ సర్టిఫికెట్ల మీద ఆధారపడే దారి కూడా ఇరుకైంది. 1998లో అమెరికాలో మొదలైన బిహేవియర్ ఎనలిస్ట్ సర్టిఫికేషన్ బోర్డు ఇచ్చే గుర్తింపును భారతీయ నిపుణులు చాలాకాలం ప్రమాణంగా చూశారు. 2023 జనవరి నుంచి భారత్ సహా అత్యధిక దేశాల్లోని వారి నుంచి కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆ బోర్డు మానేసింది. ఇక మనకు కావలసిన ప్రమాణాలు మనమే రాసుకోవాలి.

మరి పిల్లాడు ఉన్నచోటు మాటేమిటి? 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను ఏడు నుంచి 21కి పెంచింది. 1995 చట్టంలో లేని ఆటిజం, ప్రత్యేక అభ్యసన వైకల్యం అందులో చేరాయి. వైకల్యం ఉన్న పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలని, ఒక్కొక్కరి అవసరానికి తగ్గ సదుపాయాలు కల్పించాలని, చదువుతోపాటు సాంఘికంగా ఎదిగే వాతావరణంలో అండ ఇవ్వాలని 16వ సెక్షన్ స్కూళ్లను ఆదేశిస్తోంది. ఈ బాధ్యత స్కూలుది. థెరపీ సెంటర్‌ది కాదు, తల్లిదండ్రులది అంతకన్నా కాదు.

స్పెషల్ ఎడ్యుకేటర్ల విషయంలో సుప్రీం కోర్టు మరింత స్పష్టంగా మాట్లాడింది. ప్రాథమిక స్థాయిలో అలాంటి ప్రతి పదిమంది పిల్లలకు, ఆపై తరగతుల్లో ప్రతి 15 మందికి ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలని 2021 అక్టోబర్‌లో రజనీష్ కుమార్ పాండే కేసులో నిర్దేశించింది. నియామకాలు నత్తనడకన సాగుతుండటంతో 2025 మార్చిలో మళ్లీ కల్పించుకుని, పోస్టుల సంఖ్య నోటిఫై చేసి భర్తీ చేపట్టాలని రాష్ట్రాలను, కేంద్రపాలిత ప్రాంతాలను ఆదేశించింది. ఈ లెక్కలో బిహేవియర్ ఎనలిస్ట్ లేడు. సీబీఎస్ఈ గుర్తింపు నిబంధనలు తప్పనిసరి అంటున్నది స్పెషల్ ఎడ్యుకేటర్‌ను, కౌన్సెలర్‌ను.

వెరసి పరిస్థితి ఇది. నిపుణుడి పేరు ఆరోగ్య చట్టంలో ఉంది. పిల్లాడి హక్కు విద్యకు సంబంధించిన నిబంధనల్లో ఉంది. రెంటినీ కలిపే వాక్యం ఎక్కడా లేదు.

నాలుగు ముక్కల పాఠం

ఆ వాక్యం రాయడానికి పుదుచ్చేరి కన్నా అనువైన చోటు దొరకడం కష్టం. గోరిమేడులో జిప్మర్ ఉంది. 1823లో ఫ్రెంచివారు మొదలుపెట్టిన వైద్య పాఠశాలకు వారసత్వంగా ఎదిగి, 2008లో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా మారిన ఆస్పత్రి అది. ఊళ్లో 2003 నుంచీ పనిచేస్తున్న సత్య స్పెషల్ స్కూల్ ఉంది. ఈస్ట్ కోస్ట్ రోడ్డు పట్టుకుని చెన్నై వైపు వెళితే ముట్టుకాడులో, బహుళ వైకల్యాలున్న వారి కోసం 2005లో కేంద్రం నెలకొల్పిన జాతీయ సంస్థ వస్తుంది. రోగ నిర్ధారణకు, శిక్షణకు, ప్రత్యేక విద్యకు కావలసినవి ఇంత దగ్గర దగ్గరగా ఉన్న పట్టణాలు దేశంలో ఎక్కువ లేవు.

స్కూళ్ల వైపు చూస్తే ఇక్కడ పెద్ద మార్పే జరిగింది. పుదుచ్చేరి, కారైక్కాల్ స్కూళ్లు తమిళనాడు సిలబస్‌ను, మాహే కేరళ సిలబస్‌ను, యానాం ఆంధ్రప్రదేశ్ సిలబస్‌ను దశాబ్దాలపాటు అనుసరించాయి. తర్వాత ప్రభుత్వ స్కూళ్లను దశలవారీగా సీబీఎస్ఈకి మార్చారు. 2025లో ఆ విద్యార్థులు తొలిసారి సీబీఎస్ఈ బోర్డు పరీక్షలు రాశారు. పాఠ్యపుస్తకాలు మారితే ఎక్కువ తడబడేది అప్పటికే వెనకబడి ఉన్న పిల్లలే. పాఠం అర్థంకాని పిల్లాడు నోరు తెరిచి అర్థం కాలేదని చెప్పడు. బెంచీ కింద పడుకుంటాడు. దాన్ని ప్రవర్తన సమస్య అని రాసి క్లినిక్‌కు పంపితే, బోధన సమస్య మీద తెల్ల దుప్పటి కప్పినట్టే.

యానాం చూస్తే ఈ చిక్కు ఇంకా స్పష్టమవుతుంది. రాజధానికి ఎనిమిది వందలకు పైగా కిలోమీటర్ల దూరంలో, గోదావరి ఒడ్డున, చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్న తెలుగు ఊరు. 2024 ఫిబ్రవరిలో అక్కడ జిప్మర్ విభాగం ప్రారంభమైంది. దూరాభారం తగ్గించే ఏర్పాటే. అయితే యానాం పొలిమేర దాటి కాకినాడ జిల్లాలో అడుగుపెడితే కనిపించే నమూనా వేరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలున్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం విద్యా శాఖ నడిపే కేంద్రాలివి. ఫిజియోథెరపీ సైతం అక్కడికే వస్తుంది. ఒకటి ఆస్పత్రి వైపు నుంచి పిల్లాడి దగ్గరికి వచ్చే దారి. మరొకటి బడి వైపు నుంచి వచ్చే దారి. రెండూ కావలసినవే. కానీ తెలుగులో మాట్లాడే పిల్లాడి ప్రవర్తన గురించి ఒక దారిలో రాసిన కాగితం రెండో దారిలోని మనిషికి చేరకపోతే ఎన్ని భవనాలు కట్టినా ప్రయోజనం లేదు.

సికింద్రాబాద్ చూపిన దారి

విచిత్రమేమిటంటే ఈ ప్రశ్నకు ఒక జవాబు మూడు దశాబ్దాల కిందటే తెలుగు నేల మీద దొరికింది. 1984లో సికింద్రాబాద్‌లో నెలకొల్పిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ (తర్వాత దాని పేరు మేధో వైకల్యం గలవారి సాధికారత జాతీయ సంస్థగా మారింది) 1992లో టీచర్ల కోసం ప్రవర్తన పద్ధతుల మీద ఒక కరదీపిక ప్రచురించింది. రీటా పేశావరియా, ఎస్. వెంకటేశన్‌లు రూపొందించిన ఆ పుస్తకంతోపాటు భారతీయ పిల్లల కోసం ఒక కొలమానం కూడా వచ్చింది. అందులో రెండు భాగాలు. మొదటి భాగంలో పిల్లాడికి వచ్చిన పనులకు సంబంధించి 280 అంశాలు. రెండో భాగంలో సమస్యాత్మక ప్రవర్తనకు సంబంధించి 75 అంశాలు.

ఈ అంకెల్లోనే ఒక దృక్పథం ఉంది. పిల్లాడికి రానివి, చెడ్డవి లెక్కపెట్టే ముందు వచ్చినవి లెక్కపెట్టమంటుంది ఆ కొలమానం. సమస్యల జాబితాకు దాదాపు నాలుగింతలు ఉంటుంది నైపుణ్యాల జాబితా. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఆ పుస్తకం ఎవరి చేతికి అందిందన్నది. డాక్టర్‌కు కాదు, టీచర్‌కు. ప్రవర్తన శాస్త్రాన్ని క్లినిక్ గోడలు దాటించి బల్లలు, బ్లాక్‌బోర్డులు ఉన్న గదిలోకి తేవచ్చని ఆ సంస్థ అప్పుడే నిరూపించింది. అయితే అది ప్రధానంగా ప్రత్యేక విద్య టీచర్ల కోసం. మామూలు స్కూలు టీచర్‌కు అలాంటి చేయూత ఇంకా అరకొరగానే ఉంది.

అదే సంస్థ 2009లో వెలువరించిన మరో కొలమానం ఆటిజం తీవ్రతను లెక్కగట్టడానికి 40 అంశాలతో తయారైంది. వైకల్య సర్టిఫికెట్ల జారీలో దానికి స్థానముంది. అది పూర్తిగా క్లినిక్ పని. అధీకృత వైద్య సంస్థలో, తగిన అర్హతలున్న వారు చేయాలి. ఒకే సంస్థ నుంచి వచ్చిన ఈ రెండు కొలమానాలను పక్కపక్కన పెడితే చాలు, గీత ఎక్కడ గీయాలో తెలుస్తుంది. ‘పిల్లాడికి ఉన్నదేమిటి’ అన్నది ఒక ప్రశ్న. ‘రేపు ఉదయం పదిన్నరకు క్లాసులో ఏం చేద్దాం’ అన్నది మరో ప్రశ్న.

అమెరికా అనుభవం

ఈ గీత గీసుకోవడానికి అమెరికా చాలా శ్రమపడింది. అక్కడ పిల్లాడి వెనక రెండు జేబులున్నాయి. ఒకటి ఆరోగ్య బీమా. వైద్యపరంగా అవసరమని తేలితేనే ఆ జేబు తెరుచుకుంటుంది. రెండోది స్కూలు. వికలాంగ బాలలకు తగిన విద్యను ఉచితంగా అందించాలని 1975 చట్టం స్కూళ్లను ఆదేశించింది. ప్రవర్తన వల్ల చదువు దెబ్బతినే పిల్లల విషయంలో ఆ ప్రవర్తనకు కారణాన్ని అంచనా వేసే బాధ్యతను 1997 సవరణలు స్కూళ్ల మీద పెట్టాయి. దాంతో ఒకే పిల్లాడికి స్కూలు ఎనలిస్ట్ ఒకరు, బీమా డబ్బుతో వచ్చే క్లినిక్ ఎనలిస్ట్ మరొకరు ఉండటం మామూలైంది. ఇది మీ పని అని స్కూలు, కాదు మీదేనని బీమా కంపెనీ వాదించుకోవడమూ మామూలైంది.

మనదగ్గర ఆ జేబులు రెండూ పల్చనే. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ పథకం లక్ష రూపాయల వరకూ ఆరోగ్య బీమా ఇస్తుంది. అందులో థెరపీల వాటాకు పరిమితి ఉంది. ఆపైన భారం తల్లిదండ్రులదే. అందుకే నగరాల్లో ‘షాడో టీచర్’ పద్ధతి పెరిగింది. పిల్లాడి పక్కన కూర్చునే మనిషిని తల్లిదండ్రులే తెచ్చుకుని, జీతమూ వారే ఇవ్వాలని కొన్ని స్కూళ్లు షరతు పెడుతున్నాయి. చట్టం స్కూలు మీద పెట్టిన బాధ్యతను ఇలా మెల్లగా ఇంటికి బదలాయిస్తున్నారు. బిహేవియర్ ఎనలిస్ట్‌ను ‘వైద్య సేవ’గా చూపించడం ఆ బదిలీకి చక్కగా పనికొస్తుంది. వైద్యమైతే బిల్లు ఇంటికి పంపొచ్చు. విద్య అయితే పంపలేరు.

ఇది కొద్దిమంది సమస్య అనుకోవడానికి లేదు. హైదరాబాద్ సహా దేశంలోని ఐదు ప్రాంతాల్లో 3,964 మంది పిల్లలను పరీక్షించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో సుమారు 13.6 శాతం మందికి నాడీ వికాసానికి సంబంధించిన ఏదో ఒక ఇబ్బంది ఉన్నట్టు తేలింది. వినికిడి లోపం, మూర్ఛ, అభ్యసన సమస్యలు సైతం ఇందులో కలిసి ఉన్నాయి. 36 మంది ఉన్న తరగతిలో సగటున నలుగురైదుగురు. వీరిలో చాలామందికి నిత్యం కావలసింది క్లినిక్ గంటలు కాదు. కాస్త మారిన తరగతి.

గీత ఎక్కడ?

అలాగని స్కూలుకు అన్నీ అప్పగించడం కూడా ప్రమాదమే. తల గోడకేసి కొట్టుకునే పిల్లాడు, అకస్మాత్తుగా తిండి మానేసిన పిల్లాడు, నిన్నటిదాకా వచ్చిన మాటలు పోయిన పిల్లాడు ముందుగా డాక్టర్‌ను చూడాలి. పంటి నొప్పి, చెవి పోటు, మూర్ఛ కూడా ప్రవర్తన వేషంలో వస్తాయి. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో తెచ్చిన ప్రశస్త్ యాప్ కూడా టీచర్‌కు ఇచ్చింది ప్రాథమిక పరిశీలన పనే. గమనించి, నమోదు చేసి, పైకి పంపడం వరకే. నిర్ధారణ ఆస్పత్రిలోనే జరగాలి.

శిక్షల విషయంలో గీత మరీ స్పష్టం. విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ, మానసిక వేధింపునూ నిషేధించింది. ‘బిహేవియర్ ప్లాన్’ అన్న ఇంగ్లిష్ పేరు తగిలించినంత మాత్రాన గదిలో బంధించడం, తిండి ఆపడం, అందరి ముందూ నిలబెట్టడం చికిత్స అయిపోవు. చార్టు మీద నక్షత్రాలు అతికించి, మర్నాడు అందరి ముందూ పీకేయడం కూడా వేధింపు కిందికే వస్తుంది.

కాబట్టి చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ఎనలిస్ట్‌ను పిలిచే ముందు స్కూలు ఒక్క పేజీ కాగితం రాసుకోవాలి. ఆ నిపుణుడు స్కూలు తరఫున వస్తున్నాడా, తల్లిదండ్రుల తరఫున వస్తున్నాడా? జీతం ఎవరిస్తారు? గురి చదువా, చికిత్సా? పిల్లాణ్ని క్లాసులోంచి ఎన్ని నిమిషాలు బయటికి తీసుకెళతారు, ఎప్పటికల్లా ఆ నిమిషాలు తగ్గిస్తారు? టీచర్‌కు నేర్పే బాధ్యత ఎవరిది? ఫైలు ఎవరి బీరువాలో ఉంటుంది, ఎవరు చదవొచ్చు? ఆస్పత్రికి పంపాల్సిన పరిస్థితులేవి? తల్లిదండ్రులు దీన్ని తమకు వచ్చిన భాషలో చదివి సంతకం చేయాలి. యానాంలో అయితే తెలుగులో, పుదుచ్చేరిలో అయితే తమిళంలో.

ఒకే మనిషి ఉదయం స్కూలు ఉద్యోగిగా పిల్లాణ్ని చూసి, సాయంత్రం సొంత సెంటర్‌లో అదే పిల్లాడికి ఫీజు తీసుకుని థెరపీ చేయకూడదన్న షరతు కూడా అందులో ఉండాలి. ఉదయం సమస్య ఉందని చెప్పేవాడికి సాయంత్రం దాని మీద ఆదాయం ఉంటే, ఎంత నిజాయతీపరుడైనా తల్లిదండ్రులకు అనుమానం రాక తప్పదు. పుదుచ్చేరి వంటి చిన్న ఊళ్లో అందరూ అందరికీ తెలుసు. ఆ మొహమాటమే ఇక్కడ కాగితాన్ని మరింత అవసరం చేస్తుంది.

పాలకులకూ ఒక పని ఉంది. 2021 చట్టం గుర్తించిన వృత్తికి ప్రమాణాలు ఖరారు చేసేటప్పుడు స్కూల్లో పనిచేసే ఎనలిస్ట్ విధులను విడిగా రాయాలి. ఆరోగ్య శాఖ ఒక్కటే కూర్చుని రాస్తే అది క్లినిక్ పుస్తకం అవుతుంది. స్పెషల్ ఎడ్యుకేటర్ల పోస్టులు నింపకుండా ఎనలిస్టులను తెచ్చినా లాభం లేదు. పునాది లేకుండా పై అంతస్తు కట్టినట్టవుతుంది. రోజూ క్లాసులో ఉండే స్పెషల్ ఎడ్యుకేటర్ లేకపోతే వారానికి ఒకసారి వచ్చే ఎనలిస్ట్ చెప్పింది అమలుచేసే మనిషే ఉండడు.

మళ్లీ ఆ మూడో తరగతికి వద్దాం. ఈసారి నిపుణుడు పిల్లాణ్ని గదిలోకి తీసుకెళ్లలేదు. వెనక బెంచీలో కూర్చుని పది రోజులు మూడు గడుల కాగితం నింపాడు. బెంచీ కిందికి జారడం లెక్కల పీరియడ్‌లోనే, అదీ బోర్డు మీద ఐదు కన్నా ఎక్కువ లెక్కలు రాసినప్పుడే జరుగుతోందని తేలింది. టీచర్‌తో కూర్చుని మాట్లాడాడు. పిల్లాడి కాగితం మీద మూడు లెక్కలే ఉంటాయి. బల్ల మీద ఒక పసుపు కార్డు ఉంటుంది. అది చూపిస్తే రెండు నిమిషాలు కిటికీ దగ్గర నిలబడొచ్చు. అరవనక్కర్లేదు, పడుకోనక్కర్లేదు. అడిగితే విశ్రాంతి దొరుకుతుందని పిల్లాడికి తెలియాలి, అంతే.

మొదటివారం పసుపు కార్డు పదేపదే పైకి లేస్తుంది. టీచర్ విసుక్కుంటుంది. మూడో వారానికి లెక్కలు మూడు నుంచి నాలుగవుతాయి. దీనికి బిల్లు ఎవరి పేరున రాయాలో చెప్పడం కష్టం. ఇది చికిత్సా అంటే కావచ్చు. కానీ జరిగింది మాత్రం క్లాస్‌రూమ్‌లో, టీచర్ చేతుల మీదుగా, 35 మంది తోటి పిల్లల మధ్య. లైబ్రరీ పక్కన ఆ చిన్న గది ఇప్పుడు ఖాళీగా ఉంది. స్కూలుకు అదే మంచి రిపోర్టు.